పెద్ద డిస్కులు కొనేముందు బ్రేక్ ఆయిల్ మార్చి చూడండి

స్పోర్ట్స్ కారుకు కంపెనీ బ్రేకులు చాలవని పెద్ద డిస్కుల కిట్ వేయించాలనుకునే వరంగల్, హన్మకొండ మిత్రులకు ఒక మాట. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందంటే బ్రేకుల్లో బలం సరిపోయినట్టే. ఆపైన ఆగే దూరం తగ్గించాల్సింది టైర్ల పట్టు. పెద్ద డిస్కు అసలు లాభం వేడిని తట్టుకోవడంలో. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతూ పదేపదే తొక్కినప్పుడు అది తెలుస్తుంది.

పెడల్ మెత్తబడి లోపలికి పోతే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు చేరినట్టు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే డిస్కును నొక్కిపట్టే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలినట్టు. మొదటిదానికి డిస్కులు మార్చడం దండుగ. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు; తేమ పీల్చుకున్నాక అది 155 దరిదాపులకు దిగొచ్చు. రెండేళ్లకోసారి మార్పించండి. డాట్ 5 సిలికాన్‌ది, అందులో కలపొద్దు.

కొత్త ప్యాడ్లు వేశాక, అవి డిస్కుకు సర్దుకోవడానికి, ఖాళీ రోడ్డు మీద 60 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, 8–10 సార్లు తగ్గించండి. తర్వాత 10 నిమిషాలు వీలైనంత వరకు బ్రేక్ తొక్కకుండా నడిపి చల్లారనివ్వండి. వేడి మీద ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్కుకు ఒకేచోట అంటుకుని స్టీరింగ్ వణుకుతుంది. రేస్ ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు మాత్రం ఊళ్లో తిరగడానికి వద్దు, చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు.