పెడల్ కిర్రుమంటే బేరింగే పోయిందనుకోకండి

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు సైకిల్ తొక్కుతుంటే, ఎత్తు వచ్చినప్పుడల్లా కుడి పెడల్ దగ్గర కిర్రుకిర్రుమనేది. బాటమ్ బ్రాకెట్ (రెండు పెడల్ చేతుల మధ్య ఇరుసు తిరిగే బేరింగు) మార్చాలన్నారు షాపులో. అంత ఖర్చు పెట్టేముందు పెడల్ విప్పి చూద్దామనుకున్నాను.

15 ఎంఎం స్పానర్ చాలు. కుడి పెడల్ మామూలుగానే అపసవ్య దిశలో ఊడుతుంది. ఎడమదానికి మరలు తిరగేసి ఉంటాయి, దాన్ని సవ్య దిశలో తిప్పాలి. విప్పితే మరలు పొడిగా ఉన్నాయి, గాడుల నిండా బూడిదరంగు పొడి. స్టీలు ఇరుసు, అల్యూమినియం క్రాంకు (పెడల్ బిగించే చేయి) మధ్య ఏమీ రాయకపోతే చెమ్మకి కరుచుకుపోతాయి కూడా.

పాత టూత్‌బ్రష్‌ని కిరోసిన్‌లో ముంచి రెండు వైపులా మరలు తోమి, గుడ్డతో ఆరేదాకా తుడిచి, లిథియం గ్రీజు పల్చగా పట్టించాను. మొదట చేత్తోనే తిప్పి ఎక్కించి, ఆఖర్న స్పానర్‌తో గట్టిగా బిగించాను. శబ్దం పోయింది.

లోహాలు కరుచుకోకుండా రాసే యాంటీసీజ్ పేస్ట్ ఉంటే భేషు, లేకపోయినా పెడల్‌కి గ్రీజు సరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దండీ బాబూ! మరలు వదులవకుండా పట్టే జిగురైన నీలం లాక్‌టైట్ డిస్క్ బ్రేకు రోటర్ బోల్టులకే వాడతాను. ఎర్రది సైకిల్ దగ్గరికి రానివ్వను, వేడి చేస్తే గానీ ఊడదు. సీటును నిలిపే కార్బన్ సీట్‌పోస్ట్‌కు గ్రీజు రాస్తే జారుతుంది, దానికి గరుకు రేణువులుండే కార్బన్ పేస్ట్ కొనుక్కోవాల్సిందే.