టీవీ రికార్డర్ బాక్సులో ప్లగిన్లు ఎలా వేయాలి? బాక్సు పడుకోకుండా వేసే పద్ధతి

"ప్లగిన్ వేశానండీ, అప్పట్నుంచి బాక్సు లేవట్లేదు." వీయూప్లస్, జీజెమ్మా లాంటి ఎనిగ్మా2 బాక్సులు వాడేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. పట్టుకొచ్చాక చూస్తే బాక్సుకి ఏమీ అయ్యుండదు. బ్యాకప్ తీయకుండా, ఎక్కడో దొరికిన నాలుగైదు ప్లగిన్లు, అంటే బాక్సుకి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాంలు, ఒకే రాత్రి ఎక్కించేసి ఉంటారు. ఏది పాడు చేసిందో వాళ్లకీ తెలియదు, చూసేవాడికీ తెలియదు. ఓపికగా చేస్తే గంట పని ఇది. అందుకే మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఎనిగ్మా2 అంటే లైనక్స్ మీద నడిచే రిసీవర్ సాఫ్ట్‌వేర్. కంపెనీ ఇచ్చిన దాని బదులు ఓపెన్ఏటీవీ, ఓపెన్‌పీఎల్ఐ లాంటి ఇమేజ్ (బాక్సు మొత్తాన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ కట్ట) వేసుకుంటే బాక్సు మంచి రికార్డర్ అవుతుంది. డీడీ ఫ్రీ డిష్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండా వచ్చే చానళ్లను, సప్తగిరి లాంటివాటిని, నెల చందా లేకుండా రికార్డు చేసుకోవచ్చు. పే చానళ్ల తాళం తీస్తామనే ప్లగిన్ల గురించి నన్ను అడగొద్దు. అది చట్టవిరుద్ధం. పైగా బాక్సులను పాడుచేసే ఫైళ్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆ దారిలోనే.

కావలసినవి

బాక్సు, హార్డ్‌డిస్క్, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, ల్యాన్ కేబుల్, ఒక ల్యాప్‌టాప్. ఈ పనికి వైఫై వద్దు, కేబులే వాడండి. హార్డ్‌డిస్క్‌ను బాక్సు మెనూలోనే ఎక్స్‌ట్4లో ఫార్మాట్ చేయాలి. పెన్‌డ్రైవ్ మీద రికార్డింగులు పెట్టకూడదు. సెకనుకు 4 మెగాబిట్ల చానల్ అయితే గంటకు సుమారు 1.8 జీబీ పడుతుంది. ఆ లెక్కన 500 జీబీ డిస్క్ మామూలు ఇంటికి ధారాళంగా సరిపోతుంది.

ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. విశాఖ నుంచి డిష్ దక్షిణానికి కాస్త తూర్పుగా, అంటే దాదాపు సముద్రం వైపు, బాగా పైకి చూడాలి. నేల నుంచి లెక్కేస్తే 66 డిగ్రీల ఎత్తు వస్తుంది. ఎదురింటి మేడ అడ్డమొస్తుందని భయపడేవాళ్లు ఈ ఎత్తు చూసుకుంటే చాలు, చాలాసార్లు అడ్డం రాదు.

ఇమేజ్ వేయడం

సరిగ్గా మీ మోడల్‌కి తయారైన ఇమేజ్‌నే దించుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బాక్సుది. జిప్ విప్పి, లోపలి ఫోల్డర్‌ను పేరు మార్చకుండా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, బాక్సుకి గుచ్చి ఆన్ చేయాలి. కొన్ని మోడళ్లలో ముందున్న బటన్ నొక్కమని తెర మీద అడుగుతుంది. ఆ కాసేపు కరెంటు పోకూడదు. ఇన్వర్టర్ ఉంటే దాని వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణానికే బాక్సు రీస్టార్ట్ అయిపోతుంది.

తర్వాత టైం జోన్ కోల్‌కతా పెట్టి, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి, అంటే ఎన్‌టీపీ నుంచి తీసుకోమని సెట్ చేయండి. ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో చానళ్లను పంపే పరికరం) నుంచి తప్పు టైం వస్తే టైమర్లన్నీ తప్పుతాయి. చానళ్లు స్కాన్ చేసి, రూట్ (బాక్సు మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ పెట్టండి. రూటర్‌లో ఈ బాక్సుకి పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) మాత్రం ఎప్పుడూ తెరవొద్దు. ఊళ్లో లేనప్పుడు ఫోన్ నుంచి రికార్డింగ్ పెట్టాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) ద్వారానే వెళ్లాలి.

ప్లగిన్ వేయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మొట్టమొదట పూర్తి ఇమేజ్ బ్యాకప్ తీయాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఒక్కటే చాలదు. ఇమేజ్ మెనూలోని సాఫ్ట్‌వేర్ విభాగంలో ఈ సదుపాయం ఉంటుంది. బ్యాకప్‌ను హార్డ్‌డిస్క్ మీద కాకుండా పెన్‌డ్రైవ్ మీదకి తీసి, దాని మీద తేదీ రాసిన స్టిక్కర్ అంటించి పక్కన పెట్టండి. కొన్ని కొత్త బాక్సుల్లో మల్టీబూట్, అంటే వేరువేరు స్లాట్లలో ఒకటికి మించి ఇమేజ్‌లు పెట్టుకునే సదుపాయం, ఉంటుంది. మీదీ అలాంటిదైతే రెండో స్లాట్‌లో అదే ఇమేజ్ వేసి, కొత్త ప్లగిన్‌ను ముందు అక్కడ వారం రోజులు నడపండి. ఇంట్లోవాళ్లు చూసే స్లాట్ జోలికి అప్పటిదాకా వెళ్లకండి.

రెండోది, ప్లగిన్ ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది. ఇమేజ్‌తో పాటు వచ్చే ఫీడ్‌లో, అంటే ప్లగిన్ బ్రౌజర్‌లో కనిపించేవి ఆ ఇమేజ్ కోసమే కట్టినవి. బయట దొరికే ఐపీకే ఫైల్ (ప్లగిన్ ప్యాకేజీ) దేనికోసం కట్టారో తెలియకుండా వేయకూడదు. ప్లగిన్లు రాసే భాష పైథాన్. ఓపెన్ఏటీవీ 6.4 వరకు పైథాన్ 2 మీద నడిచింది, 7.0 నుంచి పైథాన్ 3కి మారింది. పాత ఇమేజ్‌కి కట్టిన ప్లగిన్‌ను కొత్తదాంట్లో వేస్తే, ఇన్‌స్టాల్ అయినట్టే కనిపించి రీస్టార్ట్ తర్వాత క్రాష్ అవుతుంది. ఎప్పటివో వీడియోలు చూసి చేసేవాళ్లు చిక్కుకునేది ఎక్కువగా ఇందులోనే.

మూడోది, ఒకసారికి ఒక్కటే. వేయండి, రీస్టార్ట్ చేయండి, ఒక టైమర్ పెట్టి స్టాండ్‌బైలోకి పంపండి. రికార్డింగ్ సరిగ్గా వచ్చిందని చూశాకే రెండోదాని గురించి ఆలోచించండి. మెనూ తెరుచుకుంటే పని అయిపోయినట్టు కాదు. స్టాండ్‌బై నుంచి లేచి రికార్డు చేయడమే ఈ బాక్సుకి అసలు పరీక్ష.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తెర నల్లగా ఉండిపోయి, లోగో దగ్గరే తిరుగుతూ ఉంటే కంగారుపడి వెంటనే ప్లగ్ పీకేయకండి. పాడైంది తెర మీద కనిపించే ఎనిగ్మా2 ప్రోగ్రాం మాత్రమే. కింద లైనక్స్ నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి టెల్‌నెట్‌లో గానీ ఎస్ఎస్‌హెచ్‌లో గానీ (నెట్‌వర్క్ ద్వారా బాక్సుకి ఆదేశాలు టైప్ చేసే పద్ధతులు) లాగిన్ అయి "ఇనిట్ 4" అని కొడితే ఆ తిరగడం ఆగుతుంది. ఇప్పుడు క్రాష్ లాగ్ తెరవండి. అది లాగ్స్ ఫోల్డర్‌లోనో హార్డ్‌డిస్క్ మీదో ఉంటుంది. అందులో పైథాన్ తప్పు చూపించే వరుసల్లో, చివరి వైపు, ఏ ప్లగిన్ ఫోల్డర్ పేరుందో అదే దోషి. యూఎస్ఆర్, లిబ్, ఎనిగ్మా2, పైథాన్, ప్లగిన్స్, ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్లను వరుసగా తెరుచుకుంటూ వెళ్లి, ఆ ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపేయండి. తర్వాత "ఇనిట్ 3" కొడితే మామూలు తెర తిరిగి వస్తుంది.

పని అయిపోయిందని అక్కడితో వదిలేయకూడదు. ఫోల్డర్ జరిపినంత మాత్రాన ప్లగిన్ పోయినట్టు కాదు. ప్యాకేజీల లెక్కలో అది ఇంకా ఉంటుంది కాబట్టి తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ప్లగిన్ బ్రౌజర్‌లోకి వెళ్లి పద్ధతిగా రిమూవ్ చేయండి.

సెట్టింగ్స్ ఫైల్‌ను చేత్తో మార్చేవాళ్లకి ఇంకో మాట. ఎనిగ్మా2 నడుస్తుండగా మార్చితే ఆ మార్పు నిలవదు. ఆగేటప్పుడు అది తన దగ్గరున్న పాత విలువలనే తిరిగి రాసేస్తుంది. టైమర్ల ఫైల్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ముందు ఇనిట్ 4, తర్వాత మార్పు, ఆ తర్వాతే ఇనిట్ 3. ఈ వరుస తప్పి "సేవ్ చేసినా సేవ్ అవ్వట్లేదు" అని ఇమేజ్‌ని తిట్టేవాళ్లు బోలెడుమంది.

ఏ ప్లగిన్లు వేయాలి

మూడు చాలు. ఓపెన్‌వెబ్‌ఇఫ్, ఆటోటైమర్, ఈపీజీ (ఏ ప్రోగ్రాం ఎప్పుడో చెప్పే పట్టిక) తెచ్చిపెట్టే ఈపీజీ ఇంపోర్ట్. మొదటిది చాలా ఇమేజ్‌లలో ముందే ఉంటుంది. దానితో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి టైమర్లు పెట్టుకోవచ్చు. ఆటోటైమర్ ప్రోగ్రాం పేరును బట్టి తనే వెతికి రికార్డు చేస్తుంది. పేరును ఈపీజీలో ఎలా ఉందో అలాగే ఇవ్వాలి, చానల్ కూడా తప్పకుండా ఎంచాలి. చానల్ ఎంచకుండా "న్యూస్" అని ఒక్క మాట ఇస్తే రాత్రికి రాత్రి డిస్క్ నిండిపోతుంది. ఈపీజీ రాని చానల్‌కి ఆటోటైమర్ పనికిరాదు, అక్కడ వారం వారం రిపీట్ అయ్యే టైమర్ చేత్తో పెట్టుకోవాలి. ముందు 5 నిమిషాలు, వెనక 15 నిమిషాలు అదనం పెట్టండి. క్రికెట్ మ్యాచ్ అయితే వెనక గంట.

కొత్త స్కిన్లు (తెర రూపం మార్చేవి) మాత్రం వేయొద్దు. మెమరీ తక్కువున్న పాత బాక్సుల్లో వాటి వల్లే రిమోట్ నొక్కాక ఎంతోసేపటికి గానీ కదలిక ఉండదు.

రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద టీవీహెడ్‌ఎండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు కదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అదీ మంచిదే. కానీ ఇంట్లో అమ్మ రిమోట్ పట్టుకుని రెండు బటన్లు నొక్కితే నిన్నటి ప్రోగ్రాం రావాలంటే నేను ఎనిగ్మా2 బాక్సే పెట్టమంటాను. పే ఆపరేటర్లు ఇచ్చే రికార్డర్లలో చేసిన రికార్డింగ్ సాధారణంగా ఆ బాక్సులోనే ఆడుతుంది, చందా ఆపితే అదీ చేజారిపోతుంది. ఇక్కడ వచ్చేది మామూలు టీఎస్ ఫైల్. మూవీ ఫోల్డర్ నుంచి కాపీ చేసుకుంటే ఏ ల్యాప్‌టాప్‌లోనైనా వీఎల్‌సీలో ఆడుతుంది. పాతికేళ్ల తర్వాత కూడా మనవలకి చూపించుకోవచ్చు.

రికార్డింగ్ గళ్లు గళ్లుగా వస్తే

ప్లగిన్‌ను అనుమానించేముందు మేడ ఎక్కండి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి తీరం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్ పట్టే భాగం) దగ్గరి ఎఫ్-కనెక్టర్ (కేబుల్ చివర మర) లోపల పచ్చగా చిలుము పడుతుంది. విప్పి చూస్తే మధ్య రాగి తీగ నల్లబడి ఉంటుంది. ఆ చివర కత్తిరించి, కొత్త కనెక్టర్ వేసి, నీళ్లు దిగకుండా రబ్బరు టేప్ గట్టిగా చుట్టాలి. మామూలు ఇన్సులేషన్ టేప్ ఒక్క ఎండాకాలం కూడా నిలవదు. జోరువానలో సిగ్నల్ పోవడం వేరు, ఈ డిష్ పట్టే కేయూ బ్యాండ్ తరంగాలకి అది సహజం, వాన తగ్గగానే తిరిగి వస్తుంది. తుఫాను గాలి తర్వాత ఎండ కాస్తున్నా ఎస్ఎన్ఆర్ (సిగ్నల్ నాణ్యత చూపే అంకె) తక్కువే చూపిస్తుంటే డిష్ కదిలిందన్నమాట. క్లాంప్ వదులు చేసి, మీటర్ చూసుకుంటూ వెంట్రుకవాసి చొప్పున జరిపి మళ్లీ బిగించండి. ఎస్ఎన్ఆర్ బాగున్నప్పుడు ఒక అంకె చూసి బ్యాకప్ పెన్‌డ్రైవ్ స్టిక్కర్ మీదే రాసి ఉంచుకుంటే, ఎంత తగ్గిందో అప్పుడు పోల్చి చూసుకోవచ్చు.