మాత్రలు కొనేముందు బోరు నీళ్ళు టెస్ట్ చేయించండి

ఈమధ్య మా వైపు ఎవరింటికెళ్ళినా టీవీ పక్కన ఒక డబ్బా కనపడుతోంది. జింకు, సెలీనియం, రాగి, ఇంకా ఏవేవో కలిపిన మాత్రలు. ఏంటివి అంటే "ఒంట్లో మినరల్స్ తగ్గాయంట" అంటారు. ఎవరు చెప్పారయ్యా అంటే మందుల షాపాయన. తగ్గితే తగ్గాయేమో, కాదనను. కానీ దర్శి, పొదిలి, కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవాళ్ళు ముందు ఎక్కువైనదేంటో చూసుకోవాలి. అది మాత్రల్లో దొరకదు, బోరులోనే ఉంది. దాని పేరు ఫ్లోరైడ్.

మా జేజి మెడ తిప్పేది కాదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. గడప మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి, కాసేపు అలాగే ఉండి, అప్పుడు లేచేది. మేం వయసు అనుకున్నాం. పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటే వక్కాకు వల్ల అనుకున్నాం. మా చిన్నాన్నలిద్దరికీ అవే చారలు, వాళ్ళేమో జన్మలో వక్క నమిలింది లేదు.

ఆ చారల సంగతి మొదట పట్టించుకున్నది అమెరికాలో ఒక పళ్ళ డాక్టరు. ఫ్రెడరిక్ మెకే అని, 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెడితే, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లల పళ్ళన్నీ మచ్చలే. నీళ్ళలోనే ఏదో ఉందని ఆయన ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగాడు. చివరికి 1931లో అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే కెమిస్టు ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని తేల్చాడు. ఇంకో ఆరేళ్ళకు, 1937లో, షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో పళ్ళనీ ఎముకల్నీ పాడుచేసే ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి రాశారు. ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల్ని వాళ్ళు చూసింది నెల్లూరు జిల్లాలో. అప్పటికి ఒంగోలు కేంద్రంగా జిల్లా లేదు, అది 1970లో వచ్చింది, కాబట్టి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు కిందివే. మన ఊళ్ళు వైద్యం పుస్తకాల్లోకి ఎక్కింది ఇలాగ.

సరే, చేయాల్సిన పని. ఒక లీటరు ప్లాస్టిక్ బాటిల్ తీసుకోండి, గాజుది వద్దు. మోటారు వేసి నాలుగైదు నిమిషాలు నీళ్ళు వదిలేయండి, పైపులో నిలవున్నవి పోవాలి. అదే నీళ్ళతో బాటిల్ మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, బిగించి, ఊరు, బోరు లోతు, తారీఖు రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో ఇస్తే చూస్తారు. కాగితం మీద ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే హాయిగా తాగండి. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే ఆ బోరు స్నానాలకీ అంట్లకీ ఉంచుకోండి. పక్కింటివాళ్ళ కాగితం మీకు పనికిరాదు, ఒకే వీధిలో రెండు బోర్లకు పొంతన ఉండదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇల్లయితే రేపే పట్టుకెళ్ళండి, ఎందుకంటే పళ్ళు లోపల తయారయ్యే వయసు అదే, మచ్చ పడితే ఇక పోదు.

కాచి తాగుతున్నాం కదా అంటారు కొందరు. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ, బల్బు వెలిగే ఫిల్టరూ దీన్ని ఆపలేవు. ఆర్‌వో తీస్తుంది. (అన్ని లవణాలూ తీసేసిన ఆ నీళ్ళనే మనం మినరల్ వాటర్ అంటాం, అదో తమాషా.) ఆర్‌వో బయటికి వదిలే నీళ్ళలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువ, గేదెల తొట్టిలోకి మళ్ళించకండి. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన నల్గొండ పద్ధతి ఒకటుంది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి, మడ్డి కిందికి దిగాక పైనీళ్ళు తేర్చుకోవడం. పటిక ఎంత వేయాలనేది నీళ్ళను బట్టి మారుతుంది, ల్యాబువాళ్ళు చెప్పకుండా అందాజుగా వేయొద్దు.

మా ఇంట్లో చేసిన పొరపాటు చెప్తాను. రెండేళ్ళు క్యాన్ నీళ్ళు తెప్పించుకుని తాగాం. అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్ళతోనే. "ఉడికేవాటికి కూడా కొన్న నీళ్ళెందుకు, దండగ" అని మా అమ్మ. ఎసట్లో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, బియ్యంలోకే కదా. పైగా టీ ఆకులో సొంతంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పుడు వంటకీ మంచినీళ్ళే. పాలు, మజ్జిగ, రాగులు తగ్గించకండి, కాల్షియం తక్కువున్న ఒంటిని ఫ్లోరైడ్ ఎక్కువ కుంగదీస్తుంది.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. 1970లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు కృష్ణమాచారి, కృష్ణస్వామి, ఫ్లోరైడ్ పల్లెల్లో మోకాళ్ళు లోపలికి ఒరుసుకుపోయి నడిచే కుర్రవాళ్ళను చూశారు. వాళ్ళలో ఎక్కువమంది జొన్న తినేవాళ్ళు. అక్కడి జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువుంది, అది ఒంట్లో రాగిని మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఒక ఖనిజం పెరిగితే ఇంకోటి తరుగుతుందన్నమాట. అందుకే ఊరికే డబ్బా మాత్రలు మింగడం నాకు నచ్చదు, జింకు ఎక్కువ మింగినా రాగి తగ్గుతుంది. జొన్న మానేయమనడం లేదు, ఒక్కదాని మీదే పడకుండా రాగులు, సజ్జలు, బియ్యం మార్చి మార్చి తినండి.

అయోడిన్‌కి పెద్దగా చేయాల్సిందేం లేదు, ప్యాకెట్టు ఉప్పు చాలు. గొంతువాపుకి అయోడిన్ ఇచ్చి చూసింది జెనీవా డాక్టరు క్వాందే, 1820లో. మన దేశంలో ఉప్పుతోనే దాన్ని తగ్గించొచ్చని చూపించింది శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింట్లో అయోడిన్ ఉప్పు, ఒకదాంట్లో మామూలు ఉప్పు ఇప్పించారు. అయోడిన్ అందినచోట వాపులు బాగా తగ్గాయి. ఇసకపల్లి ఉప్పు కొటార్ల పక్కన ఉండేవాళ్ళు "మాది సముద్రపు ఉప్పే, అందులో ఉండదా" అంటారు. చేపల్లో ఉంటుంది, ఎండబెట్టిన కల్లుప్పులో లెక్కలోకి వచ్చేంత మిగలదు. ఆవకాయకి కల్లుప్పు వాడుకోండి, రోజువారీ కూరలోకి మాత్రం అయోడిన్ ఉప్పు, అదీ చివర్లో వేసి, డబ్బా మూత పెట్టండి.

ఇనుము సంగతి అందరికీ తెలిసిందే. అయినా ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలంటే నమ్మరు, మగవాళ్ళకి 19 చాలు. నెత్తుట్లో ఇనుముందని 1740లలో ఇటలీలో మెంఘినీ అనే ఆయన నెత్తురు కాల్చిన బూడిద దగ్గర అయస్కాంతం పెట్టి చూపించాడు. అటక మీది ఇనప మూకుడు దించి, టమాటా కూరలాంటి పుల్లటివి అందులో వండండి. కూర కాస్త నల్లబడుతుంది, ఆ నలుపు ఇనుమే. ఉడికిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే తుప్పు రుచి వస్తుంది. ఆకుకూర పప్పు మీద నిమ్మచెక్క పిండుకోండి, పొదలకూరు పక్కనుండి నిమ్మకాయకి కరువేంటి. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి, టీ ఇనుముని పట్టేసుకుంటుంది. పిల్లలు బలపాలు, మట్టి తింటుంటే కొట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

మట్టి అంటే గుర్తొచ్చింది. జింకు మనిషికి ఎంత ముఖ్యమో తెలిసింది అలాంటి ఒక పేషెంటు వల్లే. బీహారు బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్ అనే డాక్టరు 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో పనిచేస్తుండగా ఒక కుర్రవాడిని చూశాడు, వయసు 21, చూస్తే పదేళ్ళవాడు. తిండి రొట్టె, దాంతోపాటు మట్టి. రొట్టెలో జింకు లేక కాదు, తవుడులో ఉండే ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టేసి పేగుల్లోంచి లోపలికి పోనివ్వదు. ఇదే చిక్కు మన జొన్నరొట్టెకీ, రాగి సంకటికీ, పప్పులకీ ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం దీనికి విరుగుడు. ఇడ్లీపిండి రాత్రంతా పొంగినప్పుడు జరిగేది అదే.

రాగులు రాత్రి నానేసి, పొద్దున వడకట్టి, పాత నూలు గుడ్డలో మూటకట్టి ఒక రోజున్నర వదిలేయండి. మధ్యలో రెండుమూడుసార్లు నీళ్ళు చిలకరించాలి. మూట విప్పితే ఆవగింజంత తెల్లమొలక కనిపించాలి. అంతకంటే పొడుగైతే పిండికి చేదొస్తుంది. నీడన ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి మర పట్టించండి. నానేసేది కూడా టెస్టయిన నీళ్ళతోనే. మా అమ్మ మొన్న మళ్ళీ బోరు నీళ్ళు పోసింది, గింజలే కదా అని.