ఓడలో పుట్టిన మురుగు ఎటు పోయిందో తేల్చడం ఎలా

ఓడ తనిఖీకి ఎక్కగానే మురుగు కాలుష్య నివారణ సర్టిఫికెట్ అడగడం అలవాటు. అడగండి, కానీ అక్కడే ఆగిపోకండి. అది ఐదేళ్ల వరకు చెల్లుతుంది. శుద్ధి యంత్రానికి గాలి కొట్టే బ్లోయర్ మొన్న ఆగిపోయిన సంగతి అందులో ఉండదు. తనిఖీలో అసలు పని నీళ్ల లెక్క: ఎంత మురుగు పుట్టింది, ట్యాంకులో ఎంత ఉంది, మిగతాది ఏ వాల్వ్ గుండా ఎక్కడ పోయింది.

ఓడల కాలుష్యాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్. మురుగు గురించి చెప్పే దాని నాలుగో అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో 400 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్నవన్నీ దీని కిందికి వస్తాయి. అంతకన్నా చిన్నదైనా, 15 మందికి మించి ఎక్కించుకునే అనుమతి ఉంటే దానికీ వర్తిస్తుంది. ఆమోదం పొందిన యంత్రంలో నలగ్గొట్టి క్రిమిసంహారం చేసిన మురుగును తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక వదలొచ్చు. ఏమీ చేయనిదైతే 12 మైళ్లు దాటాలి, ఓడ కనీసం 4 నాట్ల (గంటకి 4 నాటికల్ మైళ్ల) వేగంతో సాగుతుండాలి. స్నానాల నీళ్లు, వంటగది నీళ్లు ఈ అనుబంధంలో లేవు. మరుగుదొడ్డి నీళ్లతో కలిశాయంటే మాత్రం మొత్తం మురుగు కిందే లెక్క. అందుకే పైపుల డ్రాయింగు తీసుకుని అవి ఎక్కడ కలుస్తున్నాయో ముందు చూడండి.

ఇక లెక్క. ఓడలో 20 మంది ఉన్నారనుకోండి. గాలి పీల్చి మురుగు లాగే వాక్యూమ్ టాయిలెట్‌కి ఒక్కో ఫ్లష్‌కి 1.2 లీటర్లు, మనిషికి రోజుకి 5 ఫ్లష్‌లు వేసుకుంటే 120 లీటర్లు. మలమూత్రాలకి మనిషికి లీటరున్నర చొప్పున 30 కలపండి. రోజుకి 150 లీటర్లు, పది రోజులు రేవులో ఉంటే 1.5 ఘనపు మీటర్లు. ట్యాంకు గేజి 0.4 చూపిస్తే మిగిలిన 1.1కి పంపౌట్ (రేవులో మురుగు తోడించిన) రసీదు ఉండాలి, లేదా శుద్ధి యంత్రం నడిచిన గంటలు నమోదై ఉండాలి. రెండూ లేకపోతే మురుగుని ఓడ బయటికి వదిలే ఓవర్‌బోర్డ్ వాల్వ్ దగ్గరికి నడవండి.

సముద్రంలో వదిలామని రాసి ఉంటే మురుగు వదిలిన వేగాన్ని కూడా లెక్కకట్టండి. శుద్ధి చేయని మురుగుకి గంటకి గరిష్ఠంగా ఇన్ని ఘనపు మీటర్లు అని సూత్రం ఉంది: 0.00926 × నాట్లలో ఓడ వేగం × మీటర్లలో డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగిన లోతు) × మీటర్లలో ఓడ వెడల్పు. 8 నాట్లు, 5 మీటర్ల డ్రాఫ్ట్, 16 మీటర్ల వెడల్పు అయితే గంటకి 5.9 వస్తుంది. అంటే 12 ఘనపు మీటర్ల ట్యాంకు ఖాళీ కావడానికి రెండు గంటలు దాటాలి. నలభై నిమిషాల్లో అయిపోయిందని లాగ్‌లో ఉంటే ఆ ఎంట్రీ తప్పు, లేదా నియమం తప్పింది. ఆ టైముకి ఏఐఎస్ (ఓడ ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) ట్రాక్ తెరిచి దూరం, వేగం సరిపోయాయో చూడండి. ఆయిల్‌కి రికార్డ్ బుక్ ఉన్నట్టే మురుగుకీ ఒక రిజిస్టర్ పెట్టుకునే ఓడలో ఈ పని పావుగంటలో తేలిపోతుంది.

శుద్ధి యంత్రం దగ్గర ముందు కళ్లూ ముక్కూ వాడండి. గాలి చేరే గదిలో నీళ్లు గోధుమరంగులో, అంతటా బుడగలతో, మట్టి వాసనతో ఉండాలి. నల్లగా మారి కుళ్లిన గుడ్ల వాసన వేస్తే గాలి అందడం లేదు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి గ్యాస్ మీటర్ లేకుండా మూత తెరవొద్దు. నీళ్లు మరీ తేటగా ఉన్నా అనుమానించండి: బాక్టీరియా చచ్చిపోయి ఉండొచ్చు. టాయిలెట్లు కడిగే బ్లీచే తరచుగా దీనికి కారణం. బురద వెనక్కి వచ్చే పారదర్శక గొట్టంలో కదలిక లేకపోతే అది పూడుకుపోయింది. అప్పుడు బురద క్లోరిన్ గదిలోకి పొంగుతుంది.

2016 జనవరి 1 నుంచి అమర్చిన యంత్రాల ఆమోద ప్రమాణాలివి: 100 మిల్లీలీటర్లకి కోలిఫాం (మలంలో ఉండే బాక్టీరియా) 100, లీటరుకి బీఓడీ (మురుగుని తినే బాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్) 25 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయనంతో కొలిచే ఆక్సిజన్ అవసరం) 125, తేలాడే ఘనపదార్థం 35, పీహెచ్ 6 నుంచి 8.5. బయటి నీళ్లు కలిపి పలచన చేస్తే బీఓడీ, సీఓడీ, ఘనపదార్థాల పరిమితులు ఆ మేరకు తగ్గుతాయి.

నమూనా తీసేటప్పుడు జరిగే తప్పే ఫలితాన్ని ఎక్కువగా చెడగొడుతుంది. కుళాయి తిప్పి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక పట్టండి. కోలిఫాంకి స్టెరైల్ సీసా, అందులో సోడియం థయోసల్ఫేట్ తప్పనిసరి. అది లేకపోతే మిగిలిన క్లోరిన్ సీసాలో కూడా బాక్టీరియాని చంపుతూనే ఉంటుంది, ల్యాబ్‌కి చేరేసరికి చెడ్డ నీళ్లు మంచివైపోతాయి. ఐసు పెట్టెలో పెట్టి 6 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. సముద్రపు నీళ్లతో ఫ్లష్ చేసే ఓడైతే ల్యాబ్‌కి ముందే చెప్పండి. క్లోరైడ్ వల్ల సీఓడీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

రేవులో మురుగు తీసే గొట్టాన్ని బిగించే ఫ్లాంజికి (బోల్టుల చక్రానికి) 4 రంధ్రాలుంటాయి, బయటి వ్యాసం 210 మిల్లీమీటర్లు, బోల్టుల వలయం 170. ఆయిల్ ఫ్లాంజి 215, వలయం 183, రంధ్రాలు 6. ఒకదాని గొట్టం రెండోదానికి బిగించడానికి అడాప్టర్ చేయించారంటే ఎందుకని గట్టిగా అడగండి.

చిన్న బోట్లలో ట్యాంకుకా సముద్రానికా అని తేల్చేది వై వాల్వ్. తీరం దగ్గర అది ట్యాంకు వైపే ఉండాలి. తాళంతోనో, కోస్తే తప్ప రాని ప్లాస్టిక్ టైతోనో కట్టేయాలి, లేదా పిడి ఊడదీయాలి. గాలి గొట్టం పూడుకుపోతే పంపౌట్ చేసేటప్పుడు ట్యాంకు గోడలు లోపలికి లాక్కుపోతాయి. క్యాబిన్‌లో వాసన వస్తే వేడినీళ్లలో తడిపిన గుడ్డని మురుగు గొట్టానికి చుట్టి, చల్లారాక వాసన చూడండి. గుడ్డకి మురుగు వాసన పట్టిందంటే గొట్టమే మార్చాలి.

వై వాల్వ్ పిడి చూపించే దిక్కుని నమ్మొద్దు, కొన్నిసార్లు తిరగేసి బిగిస్తారు. టాయిలెట్‌లో రంగు బిళ్ల వేసి నాలుగైదు సార్లు పంపు కొట్టండి, ఒకరు బయట నీళ్లు చూస్తూ ఉండాలి. రంగు కనిపిస్తే అడుగు వాల్వ్ (బోటు అడుగున సముద్రంలోకి తెరుచుకునేది) మూసి, పిడిని రెండోవైపు తిప్పి, మళ్లీ అదే పరీక్ష చేసేముందు ఆ వాల్వ్ తెరవండి. మూసి ఉంచి పంపు కొడితే గొట్టం పగులుతుంది.