గ్రావెల్ తవ్వేసిన మెట్టని మళ్లీ పచ్చగా చెయ్యాలంటే

ఒడిశాలోని కాశీనగర్ దగ్గర మా ఊరి మెట్టని, అంటే చిన్న కొండని, రోడ్డు పనుల గ్రావెల్ కోసం తవ్వేశారు. కంట్రాక్టరు పొక్లెయిన్ పట్టుకెళ్లిపోయాడు, గొయ్యి మాకు వదిలేశాడు. వానొస్తే చాలు, కింద మా వరిమళ్లలోకి గులకరాళ్లూ ఎర్రబురదా దిగిపోయేవి. వంశధారలో కలిసే గెడ్డ (వాగు) కూడా పూడిపోతుంటే ఊరివాళ్లం కలిసి పని మొదలెట్టాం. మీ ఊళ్లోనూ ఇలాంటి గొయ్యి ఉంటే ఏది ముందు చెయ్యాలో, ఏది వెనక చెయ్యాలో చెప్తాను. చాలామంది మొక్కలతో మొదలెడతారు. నీటి దారి సరిచెయ్యకుండా నాటిన మొక్క మొదటి పెద్దవానకే కొట్టుకుపోతుంది.

ముందు తహసీల్దారు ఆఫీసుకెళ్లి లీజు సంగతి కనుక్కోండి. గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాల క్వారీ అయిదు హెక్టార్ల లోపున్నా పర్యావరణ అనుమతి తప్పదని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తవ్వకం అయిపోయాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచాలన్న షరతు పెట్టమని 2020 జనవరి 8న ఇంకో తీర్పిచ్చింది. అనుమతి పత్రం నకలు తీసుకుని గ్రామసభలో గట్టిగా చదివించండి. తవ్వకం ఇంకా సాగుతుంటే పైనున్న అడుగు మందం మట్టిని విడిగా, మనిషెత్తు మించకుండా పోయించండి, దాని మీద జనుమో ఉలవో చల్లించండి. ఆ మట్టిలోనే విత్తనాలూ ప్రాణమూ ఉన్నాయి. అది లారీ ఎక్కితే మళ్లీ రాదు.

తర్వాత నిలువు గోడల పని. పై అంచు నుంచే కొట్టుకుంటూ రావాలి, కింద నిలబడి తవ్వితే గోడ మనిషి మీద పడుతుంది. ఒక అడుగు ఎత్తుకి రెండడుగులైనా వాలు రావాలి. గొయ్యి అడుగు లారీల బరువుకి గట్టిపడి ఉంటుంది కాబట్టి జేసీబీ పళ్లతో వాలుకి అడ్డంగా అడుగున్నర లోతు గీయించండి.

ఇప్పుడు వాలుకి అడ్డంగా వాననీటిని ఆపే కందకాలు. అవి ఒకే మట్టంలో సాగాలి. మట్టం చూడడానికి యంత్రం అక్కర్లేదు. ఏడడుగుల వెదురుబొంగులు రెండు తీసుకుని కొసలు కలిపి కట్టండి, కాళ్లు ఎడంగా పెట్టి మధ్యలో అడ్డకర్ర బిగించండి. పై కొస నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీయండి. నేల మీద నిలబెట్టి తాడు అడ్డకర్రని తాకే చోట గుర్తు పెట్టండి. కాళ్లు ఒకదాని చోట ఒకటి మార్చి మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెంటి నడిమి గీతే మట్టం. మెట్ట మీద తాడు ఆ గీత దగ్గర నిలిచేలా ఒక్కో కాలూ తిప్పుకుంటూ పోయి, కాలు ఆనిన ప్రతిచోటా మేకు పాతండి. మేకుల వెంట అడుగున్నర లోతు కందకం తవ్వి మట్టిని పల్లం వైపు వెయ్యండి. నీళ్లు గెడ్డలో పడే ముందు ఒక బురదగుంత ఉండాలి, దాని పొర్లు దగ్గర పెద్ద రాళ్లు పేర్చాలి.

జూన్ వానలు పడగానే కందకాల గట్ల మీద వట్టివేరు పిలకలు జానెడు దూరంలో వరసగా నాటండి. వేరు పదడుగుల లోతుకి దిగి గట్టుని పట్టేస్తుంది. మధ్య జాగాలో జనుము, ఉలవ చల్లి పూతకొచ్చాక అక్కడే తొక్కించెయ్యండి.

చెట్లు ఆ తర్వాతే. కానుగ, సీతాఫలం, వెదురు, జీడి ఈ నేలకి సరిపోతాయి. నీలగిరి మాత్రం నాకిష్టం లేదు, దాని కింద పశువుకి మేత దొరకదు. జీడిపిక్కల్ని నీళ్లలో వేసి తేలినవి పారెయ్యండి. మునిగినవాటిని ఒకరోజు నానబెట్టి, పండుకి అంటుకున్న వైపు పైకి వచ్చేలా రెండంగుళాల లోతున పెట్టండి. గుంతలో గుప్పెడు వేపపిండి కలపకపోతే చెదలు వదలవు.

నీళ్లు నిలిచిన గొయ్యి ఉంటే ఒక వైపు చదునైన వాలు తప్పనిసరి, పడిన పిల్లాడు ఎక్కి రావాలి. మిగతా చుట్టూ కంప నాటండి. మేత కోసుకెళ్లనివ్వండి కానీ రెండేళ్లు మేకల్ని తోలొద్దు. ఈ మాట కాపర్లతో ముందే కూర్చుని ఒప్పించాలి. పెద్దవాన కురిసేటప్పుడే పార పట్టుకుని మెట్ట చుట్టి రండి, గట్టు తెగిన చోట అప్పుడే కనిపిస్తుంది. బురదగుంతలో చేరిన పూడికని మోసుకొచ్చి మొక్కల మొదళ్లకే వెయ్యండి.