క్రైస్తవ ప్రార్థన ఎలా చేయాలి?

ప్రార్థన మొదలుపెట్టాలనుకునేవారిని ఎక్కువగా వెనక్కి లాగేది భాష. గుక్కతిప్పుకోకుండా, గ్రాంథికంలో సాగే ప్రార్థనలు విన్నాక ఇది మనవల్ల అయ్యే పని కాదనిపిస్తుంది. నిజానికి యేసు శిష్యులకు నేర్పిన "పరలోక ప్రార్థన" చెప్పడానికి అర నిమిషం చాలు. దాన్ని నేర్పే ముందు ఆయన హెచ్చరించింది కూడా మాటలు పెంచవద్దనే (బైబిల్‌లో మత్తయి 6:7, అంటే మత్తయి సువార్త ఆరో అధ్యాయం ఏడో వచనం). మీరు ఇంట్లో ఏ తెలుగు మాట్లాడతారో ఆ తెలుగులోనే మాట్లాడండి.

1. చోటు, సమయం ముందే తేల్చుకోండి

మొదట్లో రోజుకు పది నిమిషాలు చాలు. మొదటి రోజే గంట పెట్టుకుంటే వారం తిరక్కముందే వదిలేస్తారు. "తీరిక దొరికినప్పుడు" అనుకుంటే ఆ తీరిక దొరకదు కాబట్టి, ఎలాగూ రోజూ చేసే ఒక పనికి ముందో వెనకో పెట్టుకోండి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు యేసు (మత్తయి 6:6). ఈ రోజుల్లో ఫోన్‌ను ఆ తలుపు బయట పెట్టడం కూడా అందులో భాగమే.

మోకరించాలా, నిలబడాలా అన్నదానికి ఒకే నియమం లేదు. ప్రవక్త దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు నేలమీద సాగిలపడ్డాడు. నిలబడి ప్రార్థించేవారి ప్రస్తావన మార్కు 11:25లో ఉంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి. కళ్లు మూసుకునేది చూపు చెదరకుండా ఉండడానికే. యోహాను 17లో యేసు ఆకాశం వైపు కళ్లెత్తే ప్రార్థించాడు.

2. పరలోక ప్రార్థనను చట్రంగా వాడండి

మత్తయి 6:9–13ను కంఠస్థం చేయండి. తర్వాత ఒక్కో మాట దగ్గర ఆగి, ఆ రోజు సంగతులను అక్కడ చేర్చండి. ఇందులో వరుస ముఖ్యం. మొదటి మూడు మనవులు దేవుని నామం, రాజ్యం, చిత్తం గురించి. మన అవసరాలు ఆ తర్వాతే వస్తాయి. చాలామంది ప్రార్థనలు నేరుగా అవసరాలతోనే మొదలై అక్కడే ముగుస్తాయి. అందుకే కొన్నాళ్లకు ఫిర్యాదుల చిట్టాలా తయారవుతాయి.

"మా తండ్రీ" దగ్గర ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తు చేసుకోండి. నిన్న జరిగిన ఒక మేలును పేరుపెట్టి చెప్పి కృతజ్ఞత తెలపండి. "నీ చిత్తము" దగ్గర, మీరు ఇప్పటికే సొంతంగా నిర్ణయించేసుకున్న విషయం ఏదైనా ఉంటే బయటపెట్టండి. ఇది అన్నిటికంటే కష్టమైన చోటు, తొందరపడకండి. "అనుదినాహారము" దగ్గర అద్దె, ఉద్యోగం, పరీక్ష, జబ్బు ఏదైనా అడగవచ్చు, చిన్న విషయమని సిగ్గుపడక్కర్లేదు.

క్షమాపణ దగ్గర "నా పాపాలన్నీ క్షమించు" అని దాటేయకండి. ఎవరితో ఏమన్నారో, ఏం దాచారో చెప్పండి. ఈ మనవికి ఒక షరతు కూడా ఉంది. మనం ఇతరులను క్షమించిన ప్రకారమే మనల్ని క్షమించమని అడుగుతున్నాం. ఎవరికైనా మీమీద కోపం ఉందని గుర్తొస్తే, ముందు వెళ్లి సమాధానపడమంటుంది మత్తయి 5:24. ఆ రోజు ప్రార్థన అక్కడే ఆపి ఫోన్ చేసినా తప్పులేదు. చివరి మనవిలో, ఆ రోజు మీకు ఎదురుకాబోయే శోధన ఏదో ముందే తెలిస్తే దాని పేరు చెప్పండి.

"రాజ్యము, బలము, మహిమ" అనే ముగింపును కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. అతి ప్రాచీన ప్రతుల్లో ఆ వాక్యం లేకపోవడమే దీనికి కారణం. మీ సంఘం ఎలా చెబితే అలా చెప్పండి.

3. ఇతరుల కోసం, పేరుపేరునా

"అందరినీ దీవించు" అని అడిగితే జవాబు వచ్చిందో లేదో ఎప్పటికీ తెలియదు. చిన్న నోట్‌బుక్‌లో పేరు, అవసరం, తేదీ రాసుకోండి. రోజుకు ముగ్గురు నలుగురి చొప్పున వారమంతా పంచుకుంటే భారం కాదు.

4. ముగింపు

ఒకట్రెండు నిమిషాలు మౌనంగా ఉండి, యేసు నామంలో అడుగుతున్నానని చెప్పి "ఆమేన్" అనండి. "యేసు నామంలో" అనేది మంత్రం కాదు. ఆయన ద్వారా, ఆయనకు తగినట్టుగా అడుగుతున్నామని ఒప్పుకోవడం.

ఇబ్బందులు వచ్చేది ఇక్కడే

మనసు పక్కకు పోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది ఎటు పోయిందో చూడండి. అప్పు గుర్తొస్తుంటే ఆ అప్పు గురించే ప్రార్థించండి. నిద్ర వస్తుంటే లేచి నడుస్తూ, పైకి వినబడేలా మాట్లాడండి.

మాటలే రాకపోతే బైబిల్‌లోని కీర్తనల గ్రంథం తెరవండి. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండింటిలో "ఇంకెన్నాళ్లు" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, ఐదో వచనంలో గానీ స్వరం మారదు. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది. దేవునితో కోపంగా, నిస్పృహతో మాట్లాడడం అవిశ్వాసమని కొందరు అంటారు కానీ, బైబిలే అలాంటి ప్రార్థనలను భద్రపరిచింది.

అడిగింది జరగకపోతే మీ విశ్వాసం చాలలేదని ఎవరైనా వెంటనే తేల్చేస్తే నమ్మకండి. స్వార్థంతో అడిగితే దొరకదని యాకోబు 4:3 చెబుతుంది. దాన్ని పరీక్షించుకోవాల్సిందే. కానీ అపొస్తలుడైన పౌలు తన బాధ తొలగించమని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, దానికి బదులు కృప చాలునన్న జవాబు వచ్చింది (2 కొరింథీ 12:8–9). రాబోతున్న శ్రమ అనే గిన్నెను తొలగించమని గెత్సేమనేలో యేసు స్వయంగా అడిగాడు, అయినా సిలువ తప్పలేదు. కాబట్టి అడగడం మానకండి. జబ్బు కోసం ప్రార్థిస్తున్నామని మందులూ మానకండి.

నలుగురిలో ప్రార్థించేటప్పుడు

ఒక్కొక్కరు ఒకే అంశం, ఒకటి రెండు నిమిషాలు. పక్కవారికి బుద్ధి చెప్పడానికి ప్రార్థనను వాడకూడదు. ఎవరైనా మీకు రహస్యంగా చెప్పిన సమస్యను వారి అనుమతి లేకుండా గుంపులో ఎత్తకండి. "ఫలానా సహోదరుడి ఇంటి పరిస్థితి కోసం" అని మొదలుపెడితే అది సగం చాడీ అవుతుంది. అలాంటి పేర్లు మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి.