కమాన్ కట్ట ఎక్కడ విరిగిందో చూశాకే కొత్తది వేయించండి

బండి వెనక కమాన్ కట్టలో, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలో (లీఫ్ స్ప్రింగ్), ఒక పట్టీ విరిగితే చాలామంది చేసేది ఒకటే. విరిగిన పట్టీ తీసి, అదే సైజు కొత్తది వేయించి, బండిని మళ్లీ లోడుకి పంపేస్తారు. కొన్నాళ్లకి అదే పక్క, అదే చోట మళ్లీ విరుగుతుంది. అప్పుడు "పట్టీ నకిలీది" అని షాపు మారుస్తారు. నకిలీ సరుకు ఉంటుంది, కాదనను. కానీ ఒకే చోట రెండోసారి విరిగిందంటే కారణం ఇంకా బండిలోనే ఉందని అర్థం. దాన్ని పట్టుకోకుండా కొత్త కట్టకి డబ్బు పెట్టడం దండగ.

ఇక్కడ చెప్పేది బొలెరో, బొలెరో పికప్, పాత థార్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి బండ్ల వెనక కట్టల గురించి. లారీలకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది. ఇన్నోవా, కొత్త థార్ వాళ్లకి ఇది పనికిరాదు, వాటికి వెనక కాయిల్ స్ప్రింగులు ఉంటాయి.

సమస్య: బండి వెనక భాగం కిందికి కూర్చుంది, లేదా ఒక పక్కకి ఒరిగింది

ఖాళీ బండిని సమతలమైన నేల మీద ఆపి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, టేపుతో కొలవండి. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు ఎంత ఉందో రెండు పక్కలా రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చి తికమక పెడుతుంది.

రెండు పక్కలా సమానంగా తగ్గితే కట్టలు రెండూ అలసిపోయాయి. ఒక పక్కే తగ్గితే వెంటనే ఆ పక్క కట్టని తప్పుపట్టకండి, ముందు వైపు సస్పెన్షన్ లోపం కూడా వెనక ఒరుగుదలగా కనిపిస్తుంది. ముందు వైపు క్రాస్ మెంబర్‌కి (ఛాసీ రెండు పక్కల్ని కలిపే అడ్డ దూలానికి) సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి చక్రాలు నేల వదిలేదాకా లేపండి. బండి కిందికి మాత్రం దూరకండి, దూరం నుంచే వెనక వైపు చూడండి. ఒరుగుదల పోతే లోపం ముందు ఉంది. అలాగే ఉంటే వెనక కట్టదే.

ఇంకో మాట. బండి కూర్చుందని షాక్ అబ్జార్బర్లు మార్పించేవాళ్లు చాలామంది ఉన్నారు. షాక్స్ పని ఊపుని ఆపడం. బరువు మోసేది కట్టే. షాక్స్ ఎంత ఖరీదైనవి వేసినా బండి లేవదు.

సమస్య: పట్టీ విరిగింది

అసలు సంగతి ఇక్కడుంది, కాస్త నిదానంగా చూద్దాం. విరిగిన ముక్కని షాపులో వదిలి రాకండి. కిరసనాయిలుతో కడిగి ఎండలో పట్టుకుని, విరిగిన ముఖం చూడండి. ఒక మూల నుంచి నున్నగా, తుప్పు రంగులో, వంపు తిరిగిన సన్నటి గీతలతో ఒక భాగం ఉంటుంది. అది పాత పగులు, ఎంతోకాలంగా కొంచెం కొంచెం లోపలికి పాకింది. మిగతా భాగం గరుకుగా, బూడిద రంగులో, గింజలు గింజలుగా ఉంటుంది. చివరి రోజు తెగింది అదే. ముఖం మొత్తం గరుకుగా ఉంటే ఒక్క దెబ్బకి పోయిందని: గుంతలో పడటమో, మోయలేనంత లోడో.

తర్వాత ఎక్కడ విరిగిందో చూడండి.

సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో గుచ్చి కలిపేది) రంధ్రం దగ్గర విరిగితే యూ బోల్టులు (కట్టని ఇరుసుకి బిగించేవి) లూజుగా ఉన్నట్టే. అవి గట్టిగా ఉన్నంతకాలం ఆ మధ్య భాగం అసలు వంగదు, వంపంతా బయటే జరుగుతుంది. నట్టు కాస్త వదులైందా, వంపు రంధ్రం దాకా వస్తుంది. రంధ్రం ఉన్నచోట పట్టీ ఎలాగూ బలహీనమే. దీనికి మందు కొత్త పట్టీతో పాటు కొత్త యూ బోల్టులు, కొత్త సెంటర్ బోల్టు. కట్ట కూర్చునే సీటు అరిగి పల్లంగా మారిందేమో కూడా చూడాలి. సీటు అరిగితే ఎంత బిగించినా పట్టు రాదు.

యూ బోల్టు అంచుకి కాస్త బయట విరిగితే అది ఓవర్‌లోడు, లేదా కట్టకి వయసైపోవడం. బంప్ రబ్బర్లు (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపేవి) ఊడిపోయాయేమో చూడండి. అవి లేకపోతే ప్రతి గుంతకీ కట్ట హద్దు దాటి వంగుతుంది.

కన్ను (మెయిన్ పట్టీ కొసని చుట్టి చేసిన రంధ్రం) దగ్గర మెయిన్ పట్టీ విరిగితే బుష్‌లో (కంటి లోపలి గొట్టంలో) పిన్ను పట్టేసిందేమో చూడాలి. లారీల్లో గ్రీజు నిపిల్ మట్టితో పూడుకుపోయి, నెలల తరబడి గ్రీజు అందక ఇలా అవుతుంది. కన్ను తిరగకపోతే ఆ మెలి అంతా పట్టీ మీదే పడుతుంది. పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే క్లిప్పులు ఊడినా ఇదే ఫలితం. బండి గుంత దాటి పైకి ఎగిరినప్పుడు ఇరుసు కిందికి లాగుతుంది. క్లిప్పులు ఉంటే ఆ భారాన్ని మిగతా పట్టీలకీ పంచుతాయి, లేకపోతే మెయిన్ పట్టీ ఒక్కటే మోయాలి. రూపాయల్లో పోయే క్లిప్పు కోసం ఎవరూ పట్టించుకోరు, వేలల్లో పోయే పట్టీ విరుగుతుంది.

కింది పొట్టి పట్టీ కొస ఆనే చోట విరిగితే, ఆ కొస రాపిడికి పై పట్టీ మీద గాడి పడింది. మధ్యలో ఉండాల్సిన ప్యాడు ఊడిపోయిందని తెలుస్తుంది.

వెల్డింగ్ మచ్చ ఉన్నచోట విరిగితే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు. ఇది టెంపర్ చేసిన, అంటే లెక్కగా కాచి బలం తెప్పించిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ టెంపర్ చెడిపోతుంది. కట్ట పక్కన ఛాసీకి వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా పట్టీల మీద తడి గోనె కప్పమని చెప్పండి. నిప్పురవ్వ పడి చిన్న మచ్చ చేసినా పగులు అక్కడే మొదలవుతుంది.

భీమవరం వైపు చేపలు, రొయ్యలు మోసే బండ్ల సంగతి ప్రత్యేకం. ట్రేల నుంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు సరిగ్గా వెనక కట్టల మీద కారుతుంటాయి. పట్టీల మధ్య చేరిన తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, పైన గుంటలు పెడుతుంది. ఆ గుంటల్లోంచే పగులు పుడుతుంది. అలాంటి బండికి లోడు దించిన ప్రతిసారీ మంచినీళ్లతో కట్టలు కడగడం, నీళ్లు కట్టల మీద పడకుండా బాడీ కింద గొట్టం పెట్టించడం తప్పనిసరి.

సమస్య: కదిలేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు "ఠక్" మంటోంది

ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, కాలి బ్రేకు నొక్కి ఉంచి, క్లచ్ కాస్త వదులుతూ ముందుకి, రివర్సుకి మార్చమనండి. మీరు పక్కన నిలబడి కట్టని చూడండి, బండికి ముందూ వెనకా మాత్రం ఉండొద్దు. కన్ను దగ్గర ఆట (వదులు కదలిక) కనిపిస్తే బుష్, షాకిల్ (కట్ట కొసని ఛాసీకి కలిపే ఊగే లింకు) పిన్ను అరిగాయి. ఇరుసే కట్ట మీద జరిగితే యూ బోల్టులు వదులు. బుష్‌లు అరిగినప్పుడు పిన్నులు కూడా చూసి మార్చండి. అరిగిన పిన్ను మీద కొత్త బుష్ ఎక్కువ రోజులు ఉండదు.

సమస్య: బండి ఏటవాలుగా నడుస్తోంది

వెనక నుంచి చూస్తే బాడీ ఒక దిక్కుకి, చక్రాలు ఇంకో దిక్కుకి పోతున్నట్టు ఉంటుంది. స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలవండి. తేడా వస్తే చాలాసార్లు సెంటర్ బోల్టు తెగి, ఇరుసు వెనక్కి జరిగి ఉంటుంది. ఈ స్థితిలో బండిని హైవే ఎక్కించకండి.

కిర్రుమనే శబ్దం ఒక్కటే ఉంటే కంగారు పడక్కర్లేదు. ప్యాడ్లు అరిగాయి, లేదా పట్టీల మధ్య మట్టి చేరింది. రబ్బరు బుష్‌లకి మాత్రం ఆయిలు, గ్రీజు తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కొట్టించాలా, పట్టీ పెంచాలా, మార్చాలా

కూర్చున్న పట్టీలను సుత్తితో కొట్టి వంపు తెప్పించడం ఆటోనగర్లలో మామూలే. బండి లేస్తుంది, నిజమే. కొన్నాళ్లకే మళ్లీ కూర్చుంటుంది, పైగా ప్రతి సుత్తి దెబ్బ ఒక గుంట. గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచితే ఇంకా ప్రమాదం. డబ్బు సర్దుబాటయ్యేదాకా గడపడానికి తప్ప నేను దీన్ని ఒప్పుకోను. అదనపు పట్టీ వేస్తే కట్ట గట్టిపడుతుంది గానీ ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మోయగలిగే బరువు అంతే ఉంటుంది.

మార్చాలనుకుంటే రెండు పక్కలా ఒకేసారి మార్చండి. చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టి, ఛాసీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద వేరే జాకీ పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు. ఇరుసు బ్రేకు పైపు మీద వేలాడకూడదు. కట్టని విడదీసేటప్పుడు గట్టి సీ-క్లాంపుతో బిగించి పట్టాకే సెంటర్ బోల్టు విప్పాలి, లేకపోతే పట్టీలు ఎగిరి మీద పడతాయి. చాలా కట్టల్లో సెంటర్ బోల్టు సరిగ్గా మధ్యలో ఉండదు. పాతది ఏ కొస ముందుకి ఉందో విప్పకముందే సుద్దతో గుర్తు పెట్టండి.

పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగించి సాగిన మరలు రెండోసారి అదే పట్టు ఇవ్వవు. నాలుగు నట్లూ ఒక మూలది, తర్వాత దాని ఎదురు మూలది చొప్పున, కొంచెం కొంచెంగా, మాన్యువల్‌లో ఉన్న టార్కు (బిగింపు బలం) వరకు బిగించాలి. రబ్బరు బుష్‌లున్న కన్ను, షాకిల్ బోల్టుల చివరి బిగింపు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఎత్తు పెరిగింది కాబట్టి హెడ్‌లైట్లు కిందికి కొడతాయి, సెట్ చేయించండి. కొన్ని పికప్పుల్లో ఇరుసు నుంచి ఒక చిన్న రాడ్డు బ్రేకు వాల్వుకి వెళ్తుంది, లోడుని బట్టి వెనక బ్రేకు బలం మార్చేది అదే. కొత్త కట్టలతో ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. దాని సెట్టింగు కూడా చేయించాలి. మొదటి లోడు తిరిగొచ్చాక, 500 కిలోమీటర్ల లోపే, యూ బోల్టు నట్లను మళ్లీ టార్కుకి బిగించండి. కొత్త పట్టీలు ఒకదానిమీద ఒకటి సర్దుకునేసరికి అవి తప్పకుండా కొంత వదులవుతాయి.